అనుభవమున్న నాయకునికి కూడా బడి కావాలి

సంఘంలో శిక్షణ అనగానే మనకు కొత్తవారే గుర్తుకు వస్తారు. కొత్తగా చేరిన కార్యదర్శికి లెక్కలు నేర్పుతాము. టెస్టరుకు వెన్న పరీక్ష నేర్పుతాము. మొదటిసారి ఎన్నికైన పాలకవర్గ సభ్యులకు ఉపనియమావళి చదివి వినిపిస్తాము. ఇవన్నీ అవసరమే. కాని పది పదిహేను సంవత్సరాలుగా సంఘాన్ని నడుపుతున్న అధ్యక్షునికి ఏమి నేర్పుతున్నాము? "ఆయనకు మనం చెప్పేదేముంది? ఆయనే పదిమందికి చెప్పగలరు" అని వదిలివేస్తాము. ఆయన కూడా అలాగే అనుకుంటారు. ఈ వ్యాసం అటువంటి అనుభవజ్ఞులను గురించి. వారు మళ్లీ నేర్చుకోవలసింది ఏమిటి, ఎవరి దగ్గర, ఎక్కడ, ఏ విధంగా అన్నదే ఇందులోని విషయం.

ఒక ఉదాహరణ చూద్దాము. మార్చి నెల వచ్చేసరికి ఒక సంఘంలో పాల సేకరణ రోజుకు నాలుగు వందల లీటర్ల నుండి రెండు వందల యాభైకి పడిపోయిందనుకోండి. అధ్యక్షుడు తన చేతిలో వున్నవన్నీ సరిచూశారు. కొలతలో తేడా లేదు. పరీక్షలో తేడా లేదు. పక్షం రోజుల బిల్లు సకాలంలోనే పంచుతున్నారు. అయినా పాలు పెరగలేదు. అసలు కారణాలు వేరే చోట వున్నాయి. చెరువు తూము ఎప్పుడు ఎత్తుతారో తెలియక రైతులు పచ్చిమేత వేయలేదు. అది నీటి సంఘం వారి చేతిలోని పని. వరి కోత యంత్రం వచ్చిన తరువాత గడ్డి పొలంలోనే చెదిరిపోతున్నది, కొందరు దానిని తగులబెడుతున్నారు. అది రైతు పెద్దలు, వ్యవసాయ అధికారి కలిసి చూడవలసిన పని. ఎండిపోయిన గేదెను మార్చి మరొకటి కొనాలంటే అప్పు కావాలి. అది పరపతి సంఘం, మహిళా పొదుపు సంఘం వారి పని. గాలికుంటు టీకాలు ఆలస్యమైనాయి. అది పశువైద్యశాల పని.

ఈ అయిదు చోట్లా అయిదుగురు పెద్దలు వున్నారు. ఎవరి పనిలో వారు ఆరితేరినవారే. అందరూ ఒకే బస్సులో మండల కేంద్రానికి పోతారు, ఒకరింటి పెండ్లికి మరొకరు వెళతారు. అయినా అయిదుగురూ ఒకచోట కూర్చుని పాల సంగతి మాట్లాడిన రోజు లేదు. ఎవరికి వారే యమునా తీరే. నష్టం మాత్రం రెండు గేదెలు పెట్టుకుని బతికే సభ్యురాలి ఇంట్లో జరుగుతున్నది.

గానుగెద్దు నడక

అనుభవం గొప్పదే. ఏ లారీ డ్రైవరు ఎప్పుడు ఆలస్యం చేస్తాడో, ఏ సభ్యుడు నీళ్లు కలుపుతాడో, మహాజన సభలో ఎవరు లేచి ఏమి అడుగుతారో పాత అధ్యక్షునికి ముందే తెలుసు. కొత్తవారికి ఏడాది పట్టే నిర్ణయం ఆయన పూటలో చేయగలరు.

కాని అనుభవంలో ఒక చిక్కు వుంది. గానుగ చుట్టూ తిరిగే ఎద్దు ఎన్ని మైళ్లు నడిచినా ఊరు దాటదు. అదే సంఘం, అవే రిజిస్టర్లు, అవే తగవులు పదేళ్లు చూసినవారికి ఆ పరిధిలోని పని కంఠస్థమవుతుంది. పరిధి బయటి పని కంటికి ఆనదు. పైగా పెద్దవారైన కొద్దీ "మీరు పొరబడ్డారు" అని చెప్పేవారు తగ్గిపోతారు. సంఘంలో అందరూ వారికంటె చిన్నవారు లేదా వారివల్ల మేలు పొందినవారు. యూనియన్ అధికారులు వచ్చినా గౌరవంగా రెండు మాటలు మాట్లాడి వెళతారు. తనతో సమానమైన బరువు మోస్తూ, తన మీద ఆధారపడని మనిషి ఒక్కరైనా లేకపోతే ఎంతటివారికైనా నేర్చుకోవడం ఆగిపోతుంది.

అటువంటి సమానులు దొరికేది పక్క రంగంలోనే. నీటి సంఘం అధ్యక్షుడు, పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు, పొదుపు సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు, సర్పంచి, పశువైద్యుడు, పరపతి సంఘం అధ్యక్షుడు, చేనేత లేదా మత్స్యకార సంఘం పెద్ద - వీరందరూ మనుషులను కూడగట్టడం, డబ్బుకు జవాబు చెప్పడం, తగవు తీర్చడం, కాదని చెప్పి కూడా మంచి అనిపించుకోవడం అనే పనులే చేస్తున్నారు. పని పేరు వేరు, బరువు ఒకటే. కనుక వీరిని వీరి ప్రాంతంలోనే, కొంతకాలం పాటు, ఒక క్రమంలో కలిపి కూర్చోబెట్టడమే అనుభవజ్ఞులకు తగిన శిక్షణ. ఈ ఆలోచన కొత్తది కాదు. వేర్వేరు దేశాలలో వేర్వేరు పేర్లతో నడిచింది.

నగరాలలో పుట్టిన పద్ధతి

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1959లో ఇటువంటి కార్యక్రమం మొదలైంది. 1969లో అట్లాంటా నగరంలో అక్కడి వర్తక సంఘం పూనికతో మరొకటి ఏర్పడింది. అంతకు ఏడేళ్ల ముందు, 1962 జూన్ 3న, పారిస్ దగ్గర జరిగిన విమాన ప్రమాదంలో అట్లాంటాకు చెందిన నూరుమందికి పైగా చనిపోయారు. వారు నగర కళా సంఘం తరపున యాత్రకు వెళ్లి తిరిగి వస్తున్నవారు. నగర వ్యవహారాలలో ముందుండే కుటుంబాలవారు అందులో ఎందరో వున్నారు. నాయకత్వం కొద్దిమంది చేతిలోనే వుంటే ఒక్క రోజులో ఎంత లోటు రాగలదో ఆ నగరానికి బాగా తెలిసివచ్చింది.

ఈ కార్యక్రమాల తీరు స్థూలంగా ఒకటే. వ్యాపారం, ప్రభుత్వ కార్యాలయం, పాఠశాల, ఆసుపత్రి, కార్మిక సంఘం, స్వచ్ఛంద సేవ మొదలైన రంగాలలో ఇప్పటికే బాధ్యతలలో వున్నవారిని కొన్ని పదుల మందిని ఎంచుకుంటారు. దాదాపు ఏడాది పాటు నెలకు ఒకసారి ఒక రోజంతా కలుస్తారు. ఒక నెల విద్య, ఒక నెల ఆరోగ్యం, ఒక నెల న్యాయం, పోలీసు - ఇలా ఒక్కో విషయం. గదిలో ఉపన్యాసాలతో సరిపెట్టకుండా జైలుకు, ఆసుపత్రికి, పేటలకు వెళ్లి చూస్తారు. బ్యాంకు మేనేజరు జైలు లోపల చూసినది, పాఠశాల పెద్ద ఆసుపత్రి వరుసలో నిలబడి చూసినది వారి సొంత పనిని కొత్త కంటితో చూసేలా చేస్తుంది. ఈ పద్ధతి తరువాత అమెరికాలోని అనేక పట్టణాలకు పాకింది. బ్రిటన్‌లో 1989లో ఇదే కోవలో ఒక సంస్థ ఏర్పడింది.

ఇది నగరాల సంగతి, చదువుకున్నవారి సంగతి, మనకెలా కుదురుతుంది అనే ప్రశ్న రావచ్చు. అందుకు జవాబు అంతకు ముప్పై ఏళ్ల ముందే, కెనడా తూర్పు తీరంలోని బీద పల్లెలలో దొరికింది.

ఆంటిగోనిష్ పాఠం

కెనడాలో నోవా స్కోషియా అనే రాష్ట్రం వుంది. దాని తూర్పు భాగంలో తీరం వెంట చేపలు పట్టేవారు, లోపల చిన్న రైతులు, కేప్ బ్రెటన్ దీవిలో బొగ్గు గని కార్మికులు, ఉక్కు కార్మికులు బతుకుతున్నారు. 1920 దశకంలో అందరికీ గడ్డు రోజులే. జాలరి పట్టిన చేపకు ధర దళారి చెప్పిందే. పడవకు, వలకు, ఇంటి సరుకులకు కూడా అతని దుకాణంలోనే అప్పు. పాల కేంద్రాలు రాకముందు మన పల్లెలలో వెన్న, నెయ్యి కొనే వ్యాపారి దగ్గర ఎలా వుండేదో పెద్దలకు గుర్తుంటుంది.

ఆంటిగోనిష్ అనే చిన్న పట్టణంలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ విశ్వవిద్యాలయం వుంది. అక్కడ జిమ్మీ టాంప్కిన్స్ అనే మతగురువు ఉపాధ్యక్షునిగా వుండేవారు. విశ్వవిద్యాలయమే జనం దగ్గరకు వెళ్లాలని ఆయన వాదించారు. 1921లో రైతుల కోసం ఒక ప్రజాపాఠశాల జరిపారు. పై అధికారులతో అభిప్రాయభేదం వచ్చి 1922 చివరలో ఆయనను కాన్సో అనే జాలరి ఊరికి పంపించారు. యాభై ఏళ్లు దాటిన మనిషి, ఎంతో అనుభవం వున్నవారు, అక్కడ మళ్లీ మొదటి నుండి నేర్చుకున్నారు. జాలరుల ఇండ్లకు వెళ్లి ప్రశ్నలు అడగడం, వారు చెప్పేది వినడం, వారికి పనికివచ్చే కాగితం తెచ్చి చదివించడం - ఇదే ఆయన పని. 1927 జూలై 1న దేశమంతా 60వ వార్షికోత్సవం జరుపుకుంటుండగా కాన్సో జాలరులు మాత్రం సభ పెట్టి తమ గోడు చెప్పుకున్నారు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేయవలసి వచ్చింది. సహకార సంఘాలే మార్గమని ఆ సంఘం సిఫారసు చేసింది.

1928లో విశ్వవిద్యాలయం విస్తరణ విభాగాన్ని ఏర్పాటు చేసి మోసెస్ కోడి అనే మతగురువును దానికి అధిపతిగా నియమించింది. కోడి రైతు కుటుంబంలో పుట్టినవారు. ఆయన పద్ధతి మనం శ్రద్ధగా చూడదగినది. మొదట ఊరిలో పెద్ద సభ. ఆ తరువాత ఇరుగుపొరుగువారు పది మందికి మించకుండా అధ్యయన బృందంగా ఏర్పడతారు. వారానికి ఒకసారి ఒకరి వంటింట్లో కూర్చుంటారు. బృందానికి పెద్దను వారే ఎన్నుకుంటారు. ఆ పెద్దకు పెద్ద చదువు అక్కరలేదు, నలుగురి నమ్మకం వుంటే చాలు. చుట్టుపక్కల బృందాలన్నీ నెలకొకసారి కలిసి, ఎవరు ఏమి తెలుసుకున్నారో, ఏమి చేయబోతున్నారో చెప్పుకుంటాయి. బృందాల నాయకులకు 1933 నుండి విశ్వవిద్యాలయంలో కొద్ది వారాల ప్రత్యేక తరగతులు జరిగాయి. లెక్కలు, పరపతి సంఘం నడపడం, సభలో మాట్లాడడం నేర్చుకుని వారు తిరిగి తమ ఊరికే వెళ్లేవారు.

ఇందులో మనకు ముఖ్యమైన విషయం మరొకటి వుంది. రైతు, జాలరి, గని కార్మికుడు వేర్వేరుగా నేర్చుకోలేదు. ఏటేటా జరిగే గ్రామీణ, పారిశ్రామిక సదస్సులో అందరూ ఒకే చోట కూర్చున్నారు. విస్తరణ విభాగంలో కోడికి కుడిభుజంగా నిలిచిన ఏ.బి.మెక్‌డొనాల్డ్ పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవారు. 1932లో గనుల ప్రాంతమైన గ్లేస్ బే లో శాఖ తెరిచినప్పుడు దాని బాధ్యత గని కార్మిక నాయకుడు అలెక్స్ మెకింటైర్‌కు అప్పగించారు. సమ్మెలు నడిపిన మనిషి పరపతి సంఘాలు నడిపించడం నేర్చుకున్నారు. నేర్పవలసింది ఆయనకు నాయకత్వం కాదు, అది ఆయన దగ్గర ఏనాడో వుంది. దానిని పెట్టడానికి మరొక పొలం చూపించారు, అంతే.

కాన్సో పక్కనే వున్న లిటిల్ డోవర్ సంగతి పాల సంఘాల వారు తప్పక వినాలి. అది రాళ్ల నేల, ఆవులకు మేత లేదు, పిల్లలకు పాలు లేవు. అక్కడి జాలరులు కలిసి చదివి, ఆలోచించి, తమ చేతులతోనే కొయ్య కొట్టి రొయ్య జాతి లాబ్‌స్టర్లను డబ్బాలలో నింపే కర్మాగారం కట్టుకున్నారు. పాల సమస్యను కూడా అదే బృందం పట్టుకుంది. ఆవు బతకని చోట మేక బతుకుతుందని తెలుసుకుని మేకలను తెప్పించుకున్నారు. చేపల ధర గురించి కూర్చున్నవారు పిల్లల పాల గురించి కూడా ఆలోచించగలిగారు. ఊరి సమస్యలు శాఖలవారీగా పుట్టవు కనుక పరిష్కారం కూడా శాఖలవారీగా దొరకదు.

1930 దశకం ముగిసేసరికి ఆ ప్రాంతంలో వందలాది అధ్యయన బృందాలు, వాటి నుండి పుట్టిన పరపతి సంఘాలు, వినియోగదారుల దుకాణాలు, చేపల కర్మాగారాలు నడుస్తున్నాయి. రిజర్వ్ మైన్స్ అనే ఊరిలో గని కార్మికులు 1938లో సహకార పద్ధతిన సొంత ఇండ్లు కట్టుకున్నారు. కోడి 1959లో చనిపోయారు. ఆయన పేరుతో అదే సంవత్సరం ఏర్పడిన సంస్థకు మన దేశం నుండి కూడా సహకార, సేవా రంగాల కార్యకర్తలు వెళ్లి చదువుకున్నారు.

ఆ కథలో ఒక చేదు పాఠం కూడా వుంది, దానిని దాచకూడదు. యుద్ధం తరువాతి దశాబ్దాలలో వ్యాపారం పెరిగింది, వంటింటి బృందాలు తగ్గాయి. 1930లో ఏర్పడిన జాలరుల పెద్ద సమాఖ్య 1988లో దివాలా తీసింది. దానికి ధరలు, అప్పులు వంటి కారణాలు అనేకం. అయినా ఒక మాట అనుకోక తప్పదు. సభ్యులు, నాయకులు కలిసి నేర్చుకునే అలవాటు తగ్గిన చోట భవనాలు, యంత్రాలు ఎన్ని వున్నా సంఘాన్ని కాపాడలేవు.

మన దేశంలో, మన జిల్లాలలో

దూరపు సంగతులు ఎందుకు, మన పాల ఉద్యమమే ఇటువంటి నాయకత్వంతో పుట్టింది. గుజరాత్‌లో 1946 డిసెంబరు 14న రిజిస్టరయిన కైరా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్‌కు మొదటి అధ్యక్షులు త్రిభువన్‌దాస్ పటేల్. ఆయన పాల వ్యాపారి కాదు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లివచ్చిన కార్యకర్త. ఊరూరా నడిచి మనుషులను కూడగట్టిన అనుభవాన్ని పాల సంఘాలలో పెట్టారు. పాతికేళ్లు యూనియన్‌ను నడిపి, 1970 దశకం మొదట్లో ఆ పదవి వదిలిన తరువాత ఆయన విశ్రాంతి తీసుకోలేదు. సభ్యులు కృతజ్ఞతతో సమర్పించిన సొమ్మును మూలధనంగా పెట్టి 1975లో గ్రామ ఆరోగ్యం కోసం త్రిభువన్‌దాస్ ఫౌండేషన్ ప్రారంభించారు. పాల సంఘం ద్వారానే ఊరి మహిళ ఒకరు ఆరోగ్య కార్యకర్తగా తయారయ్యే ఏర్పాటు అది. ఉద్యమం నుండి పాలకు, పాల నుండి ఆరోగ్యానికి ఒకే మనిషి ఒకే జిల్లాలో నడిచారు. పదవి వదిలిన పెద్దమనిషి ఏమి చేయాలి అనే ప్రశ్నకు ఇంతకంటె మంచి జవాబు మరొకటి కనబడదు.

తెలుగునాట ములుకనూరు ఉన్నది. ఆనాటి కరీంనగర్ జిల్లా, నేటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ఈ ఊరిలో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి నాయకత్వంలో సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం ఏర్పడింది. ఆయన సుమారు మూడు దశాబ్దాలు దానిని నడిపారు. అప్పు ఇవ్వడంతో మొదలైన సంఘం ఎరువులు, ధాన్యం అమ్మకం, బియ్యం మిల్లు వరకు రైతుకు కావలసిన పనులన్నీ చేపట్టింది. ఆయన తరువాత కూడా సంఘం నిలిచింది. అదే ఆ నాయకత్వానికి అసలు పరీక్ష.

ఆ చుట్టుపక్కల పల్లెలలో 1990 నుండి మహిళా పొదుపు సహకార సంఘాలు పెరిగాయి. హైదరాబాదులోని సహకార అభివృద్ధి ఫౌండేషన్ వాటికి తోడ్పడింది. ఆడవారు నెలనెలా పొదుపు కట్టించుకోవడం, అప్పు మంజూరు చేయడం, వసూలు చేయడం, మహాజన సభ జరపడం పదేళ్ల పాటు నేర్చుకున్నారు. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రభుత్వ జోక్యం లేని సంఘాలకు దారి ఇచ్చింది. 2002 ఆగస్టులో ములుకనూరు మహిళా సహకార డెయిరీ ప్రారంభమైంది. "స్వకృషి" పేరుతో దాని పాలు అమ్ముడవుతున్నాయి. యజమానులు, పాలకవర్గం అందరూ మహిళలే. ఆ ప్రాంతంలో పొదుపు లెక్కలు, సభ నడిపే తీరు, వసూలు క్రమశిక్షణ అప్పటికే వేళ్లూనుకుని వున్నాయి కనుక డెయిరీకి నాయకులను బయటి నుండి తెచ్చుకోవలసిన పని పడలేదు. ఒక రంగంలో సంపాదించిన అనుభవం అదే ప్రాంతంలో మరొక రంగానికి పెట్టుబడి అయింది.

మూడు మాటలు

ఈ ఉదాహరణలన్నింటినీ పక్కపక్కన పెడితే మూడు మాటలు తేలుతాయి.

మొదటిది, స్థలం. అనుభవజ్ఞుడిని నగరానికి పంపి మూడు రోజులు ఉపన్యాసం వినిపిస్తే ఆయన నోటుపుస్తకంతో తిరిగివస్తారు. తన ప్రాంతంలోనే పక్క సంఘం పనిని కళ్లతో చూస్తే ఆయన ఒక మనిషిని, ఒక పరిచయాన్ని వెంట తెచ్చుకుంటారు. మరునాడు పని పడితే ఆ మనిషే అక్కరకు వస్తారు.

రెండవది, రంగాల కలయిక. పాల సంఘాల అధ్యక్షులే పదిమంది కూర్చుంటే ధర, కమీషను, లారీ అనే మూడు మాటల దగ్గరే పొద్దు గడుస్తుంది. అవి మాట్లాడవలసినవే, అందుకు యూనియన్ సమావేశం వుంది. కొత్త ప్రశ్న మాత్రం వేరే పని చేసేవారి నుండే వస్తుంది. "మీ సంఘంలో పాలు పోసేది ఆడవారు, సంతకాలు పెట్టేది మగవారు, ఎందుకని?" అని పొదుపు సమాఖ్య అధ్యక్షురాలు అడిగితే ఏ అధ్యక్షునికైనా ఆలోచించక తప్పదు.

మూడవది, సొంత పని. చదివిన పాఠం కంటె చేతిలోని సమస్య గట్టి గురువు. లిటిల్ డోవర్ వారు సహకార సిద్ధాంతం పూర్తిగా చదివిన తరువాత కర్మాగారం కట్టలేదు. కర్మాగారం కట్టాలి కనుక చదివారు.

మన ప్రాంతంలో ఎలా మొదలుపెట్టాలి?

దీనికి పెద్ద భవనం, నిధులు అక్కరలేదు. ఒక పాల శీతలీకరణ కేంద్రం పరిధి ఒక ప్రాంతం అనుకోండి. ఆ పరిధిలో రెండు మూడు పాల సంఘాల అనుభవజ్ఞులైన అధ్యక్షులు ముందుకు వస్తే చాలు. వారు తక్కిన రంగాల నుండి పది పన్నెండు మందిని ఎంచుకోవాలి. ప్రతివారూ ఒక బాధ్యతలో కనీసం అయిదేళ్లు పనిచేసి వుండాలి. కనీసం మూడవ వంతు మహిళలు వుండాలి. ఒకే కులం, ఒకే పార్టీ, ఒకే బంధువర్గం వారితో నిండితే అది బడి కాదు, వేరొక ముఠా అవుతుంది.

నెలకు ఒక సమావేశం, పది నెలలు. సమయం ఉదయం పదకొండు నుండి మధ్యాహ్నం మూడు వరకు పెట్టుకుంటే రెండు పూటల పాల సేకరణకూ అడ్డం రాదు. ప్రతి నెలా ఒక సభ్యుని పనిచోట కలవాలి. మొదటి నెల పాల సంఘంలో కలిస్తే, ఉదయమే వచ్చి పాలు పోసే వరుస, పరీక్ష, చిట్టీ రాయడం అందరూ చూడాలి. ప్రధానోపాధ్యాయురాలికి కూడా వెన్న శాతం బట్టి ధర ఎలా వస్తుందో అర్థం కావాలి. రెండవ నెల చెరువు గట్టు మీద. మూడవ నెల పరపతి సంఘంలో, బాకీల రిజిస్టరు ముందు. నాలుగవ నెల పశువైద్యశాలలో. అయిదవ నెల పాఠశాలలో. ఇలా సాగాలి.

ప్రతి సమావేశంలో మూడు భాగాలు చాలు. చూడడం ఒక గంట. ఆ చోటి నాయకుడు తనకు కొరుకుడుపడని ఒక సమస్యను దాచుకోకుండా చెప్పడం అరగంట. తక్కినవారు ముందు ప్రశ్నలు మాత్రమే అడగడం, ఆ తరువాతే సలహా చెప్పడం మిగిలిన సమయం. ఈ "ముందు ప్రశ్న" అనే నియమం పాటించడం అనుభవజ్ఞులకు అన్నింటికంటె కష్టం. సలహా చెప్పి చెప్పి అలవాటైన నోరు కదా! అందుకే అది అన్నింటికంటె ముఖ్యం.

కొన్ని నియమాలు మొదటిరోజే రాసుకోవాలి. దండలు, వేదిక, ముఖ్య అతిథి వుండకూడదు. అందరూ ఒకే చాప మీద లేక ఒకే రకం కుర్చీలలో కూర్చోవాలి. సమావేశంలో విన్న ఇతర సంఘం లోపాలను బయట చాటకూడదు. కాంట్రాక్టులు, సిఫారసులు, ఎన్నికలు ఇక్కడ మాట్లాడరాదు. ప్రతివారూ వెళ్లేముందు వచ్చే నెలలోగా తాము చేయబోయే ఒక పనిని చెప్పాలి. వచ్చే సమావేశం ఆ పని ఏమైందన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. భోజనం ఎవరి డబ్బా వారు తెచ్చుకుంటే ఖర్చు సమస్య వుండదు.

మొదట చెప్పిన ఉదాహరణకు తిరిగి వస్తే, ఇటువంటి సమావేశంలో పాల సంఘం అధ్యక్షుడు "అన్నా, తూము ఎత్తే తేదీ పది రోజుల ముందు చెప్పండి, మా సభ్యులు మేత విత్తనం సిద్ధం చేసుకుంటారు" అని నీటి సంఘం అధ్యక్షుని అడగగలరు. ఆ ఒక్క మాటకు కాగితం అక్కరలేదు, జీవో అక్కరలేదు. అడగడానికి ఇద్దరూ ఒకచోట కూర్చోవడం కావాలి, అంతే.

కొన్ని సందేహాలు

"మాకు తీరిక ఎక్కడిది?" అనవచ్చు. నెలకు నాలుగు గంటలు. నీటి కోసం, అప్పు కోసం, టీకా కోసం విడివిడిగా తిరిగే రోజులు లెక్కవేస్తే ఇది తక్కువే.

"ఊరిలో పార్టీలు వున్నాయి, కలిసి కూర్చుంటారా?" ఆ ఊరిలోనే పాలు ఒకే క్యానులో పోస్తున్నారు కదా! మొదటి రెండు నెలలు బిగుసుకుని వుంటారు. ఒకరి పని మరొకరు కళ్లతో చూసిన తరువాత బిగువు సడలుతుంది. అందుకే మాటల కంటె ముందు చూడడం పెట్టుకోవాలి.

"నా లోపం నలుగురిలో చెబితే పరువు పోదా?" ఈ సందేహం పైకి చెప్పరు గాని, అసలైనది ఇదే. దీనికి మందు ఒక్కటే. ఆహ్వానించిన పాల సంఘం అధ్యక్షుడే మొదటి నెలలో తన సంఘం లోపాన్ని ముందుగా చెప్పాలి. పెద్దవాడు ముందు చెబితే తక్కినవారి నోరు తెరుచుకుంటుంది.

"నేర్చుకున్నది నాతోనే పోతే?" ఇది అన్నింటికంటె బరువైన ప్రశ్న. ఎన్ని సంఘాలలో అధ్యక్షునికి జబ్బు చేసిన వారానికే బిల్లుల పంపిణీ నిలిచిపోలేదు? బ్యాంకు సంతకం ఆయనది, బీరువా తాళం ఆయనది, యూనియన్‌లో పరిచయాలు ఆయనవి. మర్రిచెట్టు నీడ చల్లగానే వుంటుంది గాని, దాని కింద మొక్క ఎదగదు. కనుక ఆరవ నెల నుండి ప్రతి సభ్యుడూ తన సంఘం నుండి నలభై ఏళ్ల లోపు వారిని ఒకరిని వెంట తీసుకురావాలి. ఆ యువకుడు లేక యువతి మొదట వినాలి. తొమ్మిదవ నెల నాటికి సంఘం సమస్యను వారే చెప్పాలి. పెద్దవారు పక్కన కూర్చుని వినాలి. తాను లేకుండా ఒక సమావేశం నడవడం చూసి సంతోషించగలిగిన నాయకుడు ఆ రోజుతో ఈ బడిలో ఉత్తీర్ణుడైనట్లే.

పాల క్యాను ఎంత పెద్దదైనా దాని కొలత దానికే వుంటుంది, నిండిన తరువాత పోసినది ఒలికిపోతుంది. మనిషి అనుభవానికి ఆ హద్దు లేదు. పక్కవారి అనుభవం పోసేకొద్దీ అది పెరుగుతుంది. మీ ప్రాంతంలో పదేళ్లు దాటిన అధ్యక్షులు ఎవరున్నారో ఈ వారమే ఒక కాగితం మీద రాయండి. పక్కనే నీటి సంఘం, పొదుపు సంఘం, పరపతి సంఘం, పాఠశాల పెద్దల పేర్లు రాయండి. ఆ కాగితమే మీ ప్రాంతపు బడికి మొదటి హాజరుపట్టీ. మొదటి సమావేశం తేదీని వచ్చే పాలకవర్గ సమావేశంలోనే నిర్ణయించుకోండి.